పట్టు తివాచీని మన నెల్లూరు గాలిలో కాపాడుకోవడం ఎలా?

నమస్తే అండీ. ఒంగోలు నుంచి ఒక అక్క ఫోన్ చేసి అడిగారు. కాశ్మీరు వెళ్లినప్పుడు కొన్న పట్టు తివాచీ ఉందంట, దీపావళి వస్తోంది కదా, సర్ఫ్ నీళ్లలో నానబెట్టి, బ్రష్ కొట్టి, మిద్దె మీద ఎండకేస్తే సరిపోతుందా అని. అక్కా, ఆ పని మాత్రం చేయొద్దు. ఎందుకో వివరంగా చెప్తాను.

ముందు తివాచీ తిరగేసి వెనకవైపు చూడండి. ముందున్న పువ్వులు, రంగులు వెనక కూడా అదే తీరున, చిన్న చిన్న ముడులుగా కనిపిస్తే అది చేత్తో ముడివేసింది. కాశ్మీరుదైనా, ఉత్తరప్రదేశ్‌లోని భదోహీదైనా, మన ఏలూరుదైనా గుర్తు ఇదే. వెనక గుడ్డ అతికించి ఉంటే అది జిగురు మీద నిలబడే రకం, దాని సంగతి వేరు. అంచున వేలాడే కుచ్చులున్నాయే, అవి అందానికి కుట్టినవి కావు, మొత్తం తివాచీని పట్టి ఉంచే పడుగు దారాల, అంటే నిలువు దారాల కొసలు. వాక్యూమ్ క్లీనర్‌ని వాటి మీదికి పోనివ్వకండి. అవి తెగితే ముడులు ఊడడం మొదలవుతుంది.

ఇప్పుడు సర్ఫ్ సంగతి. తివాచీ పైన నిలబడే మెత్తటి నూగు ఉన్నిదైనా, పట్టుదైనా, రెండూ ప్రోటీన్ పోగులు. బట్టల పౌడర్లలో ఉండే క్షారం వాటికి పడదు. ఉన్ని గరుకెక్కుతుంది, పట్టు మెరుపు పోతుంది. బ్లీచ్ అయితే పోగునే తినేస్తుంది, దాన్ని దగ్గరికి కూడా రానివ్వొద్దు. ఇక బ్రష్‌తో తోమితే పట్టు నూగు లేచిపోతుంది, మళ్లీ కుదురుకోదు.

కానీ నాకు సర్ఫ్ కంటే ఎక్కువ భయం ఆరబెట్టడం గురించి. నెల్లూరులో వానలో పెద్ద భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపలే పడుతుంది. ఒక వాయుగుండం వచ్చిందంటే వారం పాటు చేతిగుడ్డ కూడా ఆరదు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా చేతికి తడి తగలదు. పైన ముట్టుకుని ఆరిపోయిందనుకుంటాం. లోపల పడుగు, పేక (అడ్డ దారాలు) మామూలుగా నూలువి. అవి తడిగానే ఉండి, ముక్కవాసన వచ్చి, బూజుపట్టి కుళ్లుతాయి. తర్వాత తివాచీ మడిస్తే పటుక్కుమని విరుగుతుంది. కాబట్టి దీపావళికి దుమ్ము మాత్రం తీసుకోండి. కడిగే పని సంక్రాంతి దాటాక, ఫిబ్రవరిలో పెట్టుకోండి. అప్పుడైనా నీడలో, గాలి ఆడేచోట, రెండు వైపులా ఆరాలి. తడి తివాచీని ఒకే దండెం మీద వేలాడదీస్తే ఆ బరువుకే సాగిపోతుంది, నవ్వారు మంచం మీద పరవండి. రోహిణి కార్తె ఎండలో అసలు వద్దు, రంగు వెలిసిపోతుంది.

దుమ్ము తీయడాన్ని తేలిగ్గా తీసుకోకండి. చీమకుర్తి చుట్టుపక్కల ఇళ్లలో గ్రానైట్ పొడి, మైపాడు వైపు ఇళ్లలో సముద్రపు ఇసుక. ఈ రేణువులు నూగు అడుగున, ముడి మొదట్లో కూర్చుంటాయి. మనం నడిచినప్పుడల్లా పోగుని రంపంలా కోస్తాయి. వారానికొకసారి, తిరిగే బ్రష్ లేని వాక్యూమ్‌తో, నూగు వాలిన దిక్కునే తీయండి. నెలకొకసారి తిరగేసి వెనక కూడా. సోఫా కింద ఉన్న భాగాన్ని మర్చిపోవద్దు, చిమ్మెట పురుగు చేరేది అక్కడే. ఎగిరే చిమ్మెట ఉన్నిని తినదు, తినేది దాని పిల్లపురుగు. చీకటిగా, ఎవరూ కదిలించని చోటు దానికి ఇష్టం. గదిలో నాలుగు కలరా ఉండలు వేసినంత మాత్రాన అది చావదు.

చేపల పులుసు ఒలికిందా? రుద్దొద్దు. గట్టిగా ఉన్నది చెంచాతో ఎత్తేసి, తెల్ల నూలుగుడ్డతో అద్దండి. నూనె మీద బియ్యప్పిండి చల్లి కొన్ని గంటలు వదిలేయండి. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రబడుతుంది, తెలుసు కదా. ఉన్ని మీదైతే చన్నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి అద్దొచ్చు, ముందు మూలన తడిగుడ్డ అద్ది రంగు వదులుతుందేమో చూసుకుని. పట్టు మీద మాత్రం మామూలు నీళ్లకే మచ్చ నిలిచిపోవచ్చు. పొడిగుడ్డతో అద్ది, ఆపి, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

వాడనప్పుడు మడతపెట్టకుండా గుండ్రంగా చుట్టి, పాత నూలు చీరలో కట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది.

బయట కడగడానికిచ్చేటప్పుడు రేటు కంటే ముందు రెండు విషయాలు అడగండి: రంగు నిలుస్తుందో లేదో ముందు పరీక్షిస్తారా, కడిగాక ఎక్కడ, ఎన్ని రోజులు ఆరబెడతారు? సాయంత్రానికల్లా ఇచ్చేస్తామంటే ఆ షాపుకి ఇవ్వకండి.