కంటిలోని ఇరుకు మూల: నీటికాసులలో వంశపు పాలు

శ్రోతలకు నమస్కారం. నీటికాసులు అని మనం పిలుచుకునే గ్లాకోమాలో కోణం మూసుకుపోయే రకం ఒకటి ఉంది. అది కుటుంబాలలో ఎలా సంక్రమిస్తుందో ఈ రోజు చెప్పుకుందాం.

కంటిలో నిరంతరం ఊరే పలుచని ద్రవం, నల్లగుడ్డు మీది పారదర్శకమైన కార్నియాకూ దాని వెనుకనున్న రంగుపొర అయిన ఐరిస్‌కూ మధ్య ఉండే సన్నని మూల, అంటే కోణం, గుండా బయటికి ఇంకిపోతుంది. ఆ మూల ఇరుకై, ఐరిస్ దానికి అడ్డం పడితే ద్రవం నిలిచిపోయి, ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతింటుంది. కొందరిలో ఇది ఒక్కసారిగా వచ్చి, కంటిలో భరించలేని పోటు, తలనొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, వాంతులతో బయటపడుతుంది. దాన్ని పార్శ్వపు నొప్పి అనుకొని మాత్రలు మింగేవారూ ఉన్నారు. ఎక్కువమందిలో మాత్రం ఏ బాధా లేకుండానే చూపు పక్కల నుంచి తరిగిపోతుంది. హైదరాబాదులో జరిపిన ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల సర్వేలో 40 ఏళ్లు, ఆపైబడినవారిలో దాదాపు 1 శాతం మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది.

తల్లిదండ్రుల నుంచి మనకు ప్రధానంగా సంక్రమించేది కంటి కట్టుబడి: పొట్టి కనుగుడ్డు, లోతు తక్కువైన ముందరి గది (కార్నియా వెనుక, ఐరిస్ ముందు ఉండే ఖాళీ), మందమైన లెన్సు. అందుకే ప్లస్ పవర్ అద్దాలు వాడేవారిలో ఇది ఎక్కువ. వయసుతో లెన్సు ఇంకా మందమవుతుంది కనుక నడివయసు దాటాక, అందులోనూ స్త్రీలలో, ముప్పు పెరుగుతుంది.

జన్యువుల విషయానికి వస్తే, 2012లో మన జన్యుపటంలోని మూడు స్థానాలకు ఈ జబ్బుతో సంబంధం ఉన్నట్టు కనుగొన్నారు. 2016లో 24 దేశాలకు చెందిన పదివేలకు పైగా రోగులను పరిశీలించి మరో ఐదింటిని చేర్చారు. మొదటి మూడింటిలో ఒకటి శరీర కణజాలానికి బలమిచ్చే ప్రొటీన్లలో ఒకటైన పదకొండో రకం కొల్లాజెన్‌కు సంబంధించిన జన్యువు. విచిత్రమేమంటే, ఇదే జన్యువులో తీవ్రమైన లోపం ఉంటే స్టిక్లర్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య వ్యాధి వచ్చి, కన్ను మరీ పొడవుగా పెరిగి, చిన్నతనంలోనే మైనస్ అద్దాలు అవసరమవుతాయి. అయితే ఈ ఎనిమిదింటిలో ఏ ఒక్కటీ ముప్పును పెంచేది కొద్దిగానే. కాబట్టి రక్తపరీక్ష చేసి ఫలానావారికి జబ్బు వస్తుందని చెప్పే స్థితి నేటికీ లేదు. పుట్టుకతోనే కన్ను అతి చిన్నదిగా ఉండే నానాఫ్తాల్మస్ సంగతి వేరు. అందులో కొన్ని రకాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి గనుక, మేనరికాలు ఆనవాయితీగా ఉన్న మన కుటుంబాలలో దాన్ని గుర్తుంచుకోవాలి.

నా దృష్టిలో, ప్రస్తుతానికి అన్నిటికన్నా నమ్మదగిన జన్యుపరీక్ష కుటుంబ చరిత్రే. దక్షిణ భారతంలో ఈ రోగుల తోబుట్టువులను పరీక్షించినప్పుడు, మూడింట ఒక వంతుకు పైగా వారిలో కోణం ఇరుకుగా కనిపించింది. అక్కకు జబ్బు ఉందని తేలితే చెల్లెళ్లూ తమ్ముళ్లూ చూపు బాగానే ఉందని ఊరుకోకుండా కంటి వైద్యుని దగ్గర గోనియోస్కోపీ అనే కోణపు పరీక్ష చేయించుకోవాలి. ఒత్తిడి కొలిచినంత మాత్రాన కోణం కనబడదు. మొద్దుబారే చుక్కలు వేసి, అద్దాలు అమర్చిన చిన్న లెన్సును కంటికి ఆనించి, దీపపు వెలుగులో ఆ మూలను నేరుగా చూస్తారు; కొన్ని నిమిషాల పని. కోణం ఇరుకుగా ఉన్న ప్రతివారికీ వెంటనే చికిత్స అక్కరలేదు. అవసరమని వైద్యులు భావిస్తే లేజరుతో ఐరిస్‌కు సన్నని రంధ్రం చేసి ద్రవానికి పక్కదారి ఇస్తారు. కంటిపాప పెద్దదైతే ఇరుకు కోణం మూసుకుపోవచ్చు కనుక, అంతవరకు జలుబు మాత్రలు కొనేటప్పుడూ, కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేయించుకునేటప్పుడూ తమ కోణం ఇరుకని ముందే చెప్పాలి.