టోగోలో మారింది కుర్చీయా, బోర్డా?

యాంకర్: ఒకప్పుడు ఫ్రాన్స్ ఏలిన పశ్చిమాఫ్రికా దేశం టోగోలో ఫోర్ న్యాసింగ్బే 2025 మే 3న అధ్యక్ష పదవి వదిలి, అదే రోజు మంత్రిమండలి అధ్యక్షుడిగా, అంటే అసలు అధికారం ఉన్న ప్రధాని లాంటి పదవిలో, ప్రమాణం చేశారు. కొత్త పదవికి కాలపరిమితి లేదు. జూన్‌లో రాజధాని లోమేలో జనం రోడ్డెక్కారు. సార్, దీని వెనక ఫ్రాన్స్ ఉందా?

మాజీ దౌత్యవేత్త: ఫ్రాన్స్ సంగతి తర్వాత. మన ప్రధానికి కాలపరిమితి ఉందా? లేదు కదా! మెజారిటీ ఉన్నన్నాళ్లూ ఉంటారు. అక్కడా అంతే.

ప్రొఫెసర్: అంతే ఎలా అవుతుందండీ? 1967 నుంచి 2005 దాకా తండ్రి ఎయాడెమా, ఆ తర్వాత కొడుకు. 2019లో రెండు దఫాల పరిమితి పెట్టి, పాత దఫాలు లెక్కలోకి రావన్నారు. 2020లో గెలిచారు. ఆ లెక్కన 2030 దాకా ఉండొచ్చు, ఆ తర్వాత దిగాల్సిందే. అందుకే...

మాజీ దౌత్యవేత్త: అది మీ ఊహ మేడం!

ప్రొఫెసర్: మాట పూర్తి చేయనివ్వండి. గడువు ముగిసిన పార్లమెంటు 2024లో రాజ్యాంగం మార్చి ఈ కొత్త పదవి పెట్టింది. రిఫరెండం లేదు, జనం ఓటు అడగలేదు.

మాజీ దౌత్యవేత్త: ఆ తర్వాత ఎన్నికలు జరిగాయి కదా! 113 సీట్లలో 108 పాలక పార్టీకే. జనం వేయకుండానే వచ్చాయా?

జర్నలిస్ట్: ఆ అంకె చూస్తేనే అనుమానం రావాలి సార్...

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. ఎవరి మాటా అర్థం కాలేదు.)

యాంకర్: ఒక్క నిమిషం! 2022లో బ్రిటన్ పాత వలసలు ఎక్కువగా ఉండే కామన్వెల్త్ కూటమిలో చేరారు కదా, ఫ్రాన్స్‌కు కోపం వచ్చిందా?

ప్రొఫెసర్: అది వేరే విషయం. కరెన్సీ ఇప్పటికీ ఫ్రాన్స్ ఏలిన కాలం నాటి సీఎఫ్ఏ ఫ్రాంకే...

మాజీ దౌత్యవేత్త: లోమే రేవు చూశారా? ఎంత లోతు! పెద్ద ఓడలు వస్తాయి. స్థిరత్వం లేకపోతే వస్తాయా?

జర్నలిస్ట్: రేవు గురించి ఎవరడిగారు సార్? ఆమ్రోన్ అనే ర్యాపర్ జూన్ 6న, అంటే న్యాసింగ్బే పుట్టినరోజున, నిరసనకు రమ్మని పిలుపిచ్చాడు. మే నెలలోనే పట్టుకెళ్లి మానసిక ఆసుపత్రిలో పెట్టారు. దీన్ని స్థిరత్వం అంటారా?

మాజీ దౌత్యవేత్త: మళ్లీ చెబుతున్నా, మన ప్రధానికి కాలపరిమితి లేదు!

ప్రొఫెసర్: ఇందాకే చెప్పారు. మన రాష్ట్రపతి లాగే ఇప్పుడు అక్కడ సవీ ద తోవే పేరుకు అధ్యక్షుడు. తేడా ఏమిటంటే, అక్కడ అసలు అధికారమంతా ఉన్న మనిషే...

యాంకర్: మేడం, టైం అయిపోతోంది. సార్, ఆ మెజారిటీ పాయింటు ఒక్కసారి మళ్లీ చెప్పండి.

మాజీ దౌత్యవేత్త: తప్పకుండా. 113లో 108...

ప్రొఫెసర్: నా మాట పూర్తి కానేలేదు!

యాంకర్: ఫ్రాన్స్ పాత్ర మీద చర్చ బ్రేక్ తర్వాత.