రాడ్లకి డబ్బుల్లేని ట్రైనింగ్: స్టూడియో చర్చ

(రాజమండ్రి స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట్ల, స్టూడియో ఏసీ మీద జోకులు వేసుకున్న చోట కత్తిరించాం. మిగతాదంతా దాదాపు వాళ్లు మాట్లాడినట్టే ఉంచాం. అతిథులు వద్దన్నారు కాబట్టి పేర్లు వేయలేదు.)

యాంకర్: నమస్కారం. ఐటీఐల కోసం కేంద్రం పీఎం సేతు అని పథకం పెట్టింది, 2025 అక్టోబరులో మొదలైంది. మొత్తం 60 వేల కోట్లు. 1000 ప్రభుత్వ ఐటీఐలు తీసుకుని అందులో 200 హబ్బులుగా, మిగతా 800 వాటికి అనుబంధంగా పెడతారట. కేంద్రం 30 వేల కోట్లు, రాష్ట్రాలు 20 వేలు, కంపెనీలు 10 వేలు పెట్టాలి. మాస్టారూ, సర్వీసంతా ఐటీఐల్లోనే చేశారు కదా, ఈ డబ్బు మన డెల్టా దాకా వస్తే ఏం మారుతుందంటారు?

రిటైర్డ్ ప్రిన్సిపాల్: ముందు మెషీన్లు వస్తాయి. మెషీన్లు ఎప్పుడూ వస్తాయండి. టెండరు పిలవొచ్చు, రిబ్బను కత్తిరించొచ్చు, పక్కన నిలబడి ఫొటో దిగొచ్చు. నేను పనిచేసిన ఒకచోట సీఎన్‌సీ లేత్, అంటే కంప్యూటర్‌తో నడిచే లేత్ వచ్చింది, బంగారంలాంటి మెషీను, కానీ దాని మీద పని నేర్పే ఇన్‌స్ట్రక్టర్ పోస్టు ఖాళీ, పిల్లలు పని చేయడానికి ఇనప కడ్డీ కొందామంటే ఆ పద్దులో సొమ్ము లేదు. దసరాకి కవరు తీసి, పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ కప్పేసేవాళ్లం. ఇన్‌స్పెక్షన్ ఉంటే ఇంకోసారి తీసేవాళ్లం.

యాంకర్: అయితే ఏడాదికి రెండుసార్లు వాడారన్నమాట.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: ఇన్‌స్పెక్షన్ జరిగిన ఏడాది. (నవ్వులు)

యాంకర్: తమ్ముడూ, నువ్వు ఐటీఐ చదివి గల్ఫ్ వెళ్లొచ్చావు. నీ సంగతి చెప్పు.

వెల్డర్: మాది అమలాపురం దగ్గరండి. వెల్డర్ ట్రేడ్, ఏడాది కోర్సు. రోజుకి మనిషికి రెండో మూడో వెల్డింగు రాడ్లు ఇచ్చేవారు. రాడ్డు ఎంతసేపండీ, నిమిషం, నిమిషంన్నరలో కాలిపోద్ది. ఇక మిగతా టైమంతా పక్కోడు కాలుస్తుంటే నల్ల అద్దంలోంచి చూడ్డమే. సర్టిఫికెట్ మాత్రం చక్కగా వచ్చింది. గల్ఫ్ ఏజెంటు ముంబై తీసుకెళ్లి ట్రేడ్ టెస్టుకి కూర్చోబెట్టాడు. 6జీ అని ఉంటదండి, పైపుని 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు, దాన్ని కదపకూడదు, మనమే చుట్టూ తిరగాలి, అడుగున కొట్టేటప్పుడు నేల మీద ఒరిగిపోవాలి, పైకొచ్చేసరికి నించోవాలి, చెయ్యి మాత్రం ఎక్కడా వణక్కూడదు. లోపలి మొదటి అతుకు, రూటు అంటారు, అది టిగ్ అనే రకం వెల్డింగుతో కొట్టాలి, దానికి ఆర్గాన్ గ్యాసు కావాలి. అయ్యాక ఎక్స్‌రే తీస్తారు, అతుకులో గాలిబుడగలు కనపడితే ఇంటికే. నేను టిగ్ టార్చి పట్టుకోవడమే అక్కడ మొదటిసారండి.

యాంకర్: ఫెయిలయ్యావా?

వెల్డర్: అవకుండా ఎలాగండీ? తర్వాత మా అమ్మ డ్వాక్రా లోను తీసుకుంటే ఆ డబ్బుతో కాకినాడలో ఒకాయన దగ్గర నేర్చుకున్నాను. ఆయన రాడ్లకి లెక్క కట్టి తీసుకునేవాడు, ఎన్ని కాలిస్తే అంత. పని వచ్చింది అక్కడే.

యాంకర్: మేడమ్, మీరు షార్ట్ టర్మ్ కోర్సుల సెంటరు నడుపుతున్నారు. అక్కడా ఇంతేనా?

సెంటర్ నిర్వాహకురాలు: అతను చెప్పింది కాదనను. కానీ లెక్క వినండి. పీఎంకేవీవై అని కేంద్రం షార్ట్ టర్మ్ ట్రైనింగ్ పథకం 2015 జులైలో మొదలైంది. అప్పట్లో పెట్టిన కామన్ నార్మ్స్, అంటే ట్రైనింగ్ ఖర్చు రేట్ల నిబంధనల ప్రకారం మొదటి కేటగిరీ కోర్సులకి ఒక్కో విద్యార్థికి గంటకి 38 రూపాయల 50 పైసలు. 300 గంటల కోర్సయితే 11,550 రూపాయలు. ట్రైనర్ జీతం, అద్దె, కరెంటు, బయోమెట్రిక్ మెషీను, మనం మాట్లాడుతున్న రాడ్లూ అన్నీ అందులోంచే. తర్వాత పెంచారు, అద్దెలు ఇంకా పెరిగాయి. ఆ డబ్బూ ఒక్కసారి వచ్చేది కాదు, వాయిదాల్లో వచ్చేది, బ్యాచ్ మొదలయ్యాక కొంత, పరీక్ష పాసయ్యాక కొంత, ఉద్యోగం చూపించాక మిగతాది. పిల్లవాడు ఎన్ని గంటలు కూర్చున్నాడో ప్రభుత్వానికి వేలిముద్రతో తెలిసిపోతుంది. ఎన్ని రాడ్లు కాల్చాడో ఎవరూ అడగరు. అప్పుడు ఖర్చు తగ్గించాలంటే ఎవరైనా ఎక్కడ తగ్గిస్తారో మీరే చెప్పండి.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: తగ్గిస్తున్నామని టీవీలో ఒప్పుకోవడం ఇదే మొదటిసారి చూస్తున్నాను.

సెంటర్ నిర్వాహకురాలు: మీరు కవరు తీయని మెషీను గురించి చెప్పారు కదా మాస్టారూ, నేనూ చెప్పాను.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు ఒకేసారి మాట్లాడారు. మాస్టారి గొంతు పెద్దది, మేడమ్ పాయింటు పెద్దది.)

యాంకర్: మీది భీమవరం వైపు ఐస్ ప్లాంటు కదండీ? రొయ్యల ఫ్యాక్టరీలకి, చేపల లారీలకి ఐస్ సప్లై చేస్తారు. మీకు ఎలాంటి మనిషి కావాలి?

ఐస్ ప్లాంట్ యజమాని: ఆయ్, చెప్తానండి. మా ప్లాంట్లో ఐస్ గడ్డ కట్టించేది అమోనియా గ్యాసు, నాకు అది తెలిసినోడు కావాలి. చెరువు పట్టుబడి రోజు ఐస్ లేకపోతే రైతు నెత్తిన చెయ్యి పెట్టుకోవాల్సిందే, అంచేత కంప్రెసర్ ఆగకూడదు. మా దగ్గర పాత ఆపరేటరు ఉన్నాడు. అర్ధరాత్రి ఘాటు వాసన వచ్చిందంటే తడిగుడ్డ మూతికి కట్టుకుని, గంధకం పుల్ల వెలిగించి జాయింట్ల వెంబడి తిప్పుకుంటూ పోతాడు. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది, అక్కడి వాల్వు కట్టేస్తాడు. ఆ పొగ ఎంత లేస్తే తనే చూసుకోవచ్చో, ఎంత లేస్తే అందర్నీ బయటికి తరిమెయ్యాలో ఆయనకి తెలుసు. ఏ సర్టిఫికెట్టూ లేదు, అరవై దాటాయి. ఆయన తర్వాత ఎవరండీ? రిఫ్రిజిరేషన్ అండ్ ఏసీ ట్రేడ్ రెండేళ్లు చదివిన కుర్రాళ్లు వస్తారు, మంచోళ్లే, స్ప్లిట్ ఏసీ ముచ్చటగా బిగిస్తారు. అమోనియా ప్లాంటు మాత్రం పుస్తకంలో బొమ్మ చూశామంటారు.

సెంటర్ నిర్వాహకురాలు: సార్, నేను ఇద్దర్ని తయారుచేసి మీ దగ్గరికి పంపితే జీతం స్లిప్పు ఇస్తారా?

ఐస్ ప్లాంట్ యజమాని: స్లిప్పేంటండీ, శనివారం శనివారం చేతికే ఇచ్చేస్తాం.

సెంటర్ నిర్వాహకురాలు: అదీ సంగతి. డీడీయూ జీకేవై అని పల్లెటూరి యువతకి ట్రైనింగ్ ఇచ్చే పథకం ఉంది, అందులో నూటికి 70 మందికి ఉద్యోగం చూపించాలి. స్లిప్పో, జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటో ఉంటే పని అవుతుంది, లేకపోతే ఫైలు తిరుగుతూనే ఉంటుంది. అందుకని హైదరాబాదులో మాల్‌కి పంపిస్తాం, శ్రీసిటీలో అసెంబ్లీ లైనుకి పంపిస్తాం, అక్కడ కాగితం చక్కగా ఇస్తారు. పిల్లవాడు హాస్టలు అన్నం పడక మూడు నెలలకి ఇంటికొచ్చేస్తాడు, ఈలోగా మా కాగితాలు అయిపోతాయి. ఇక్కడ ఐస్ ప్లాంట్లున్నాయి, చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్ల మోటార్లు వైండింగ్ చేసే షాపులున్నాయి, రైస్ మిల్లులున్నాయి, బోటు ఇంజన్ల మెకానిక్కులున్నారు. ఎక్కడా స్లిప్పుండదు, కాబట్టి మా లెక్కలో గోదావరి జిల్లాల్లో పనే లేదు!

యాంకర్: ఇది నేను ఎక్కడా వినలేదు.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: అందుకేనేమో పీఎంకేవీవై నాలుగో విడతలో సెంటర్లకిచ్చే డబ్బుకి ప్లేస్‌మెంట్‌తో ఉన్న ముడి తీసేశారు.

ఐస్ ప్లాంట్ యజమాని: తీసేస్తే ఇంకా బాగుంది. ఉద్యోగం వచ్చిందో లేదో అడిగేవాడు కూడా ఉండడు.

యాంకర్: మీరే నేర్పించుకోవచ్చు కదండీ?

ఐస్ ప్లాంట్ యజమాని: నేర్పించానండి. అటూ ఇటూ తిప్పి ఆరు నెలలు నేర్పితే, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటోళ్లు ఇంకో మూడు వేలు ఎక్కువిస్తామని ఎగరేసుకుపోయారు. ఇదిగో కాకినాడలో ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా ప్లాంటు కడుతున్నారు కదా, అది నడిచిందంటే మా ముసలాయన్ని కూడా తీసుకుపోతారు.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: తీసుకుపోరు, సర్టిఫికెట్ లేదుగా. బయటి నుంచి తెచ్చుకుంటారు. 1995 జనవరిలో కోనసీమలో పాశర్లపూడి గ్యాసు బావి పేలి, ఆ బ్లోఅవుట్ 65 రోజులు మండింది. కొబ్బరి తోటల మధ్య ఆ మంట ఊళ్లకి ఊళ్లు చూశాయి. ఆర్పడానికి విదేశాల నుంచి నిపుణులు రావాల్సి వచ్చింది, మనవాళ్లు టీలు అందించారు. గ్యాసు మన కిందుంది, దాని పనేమో ఇంకెవడికో తెలుసు. అప్పటి నుంచి ఎన్ని పథకాలు వచ్చాయి! ఆ పనికి మాత్రం ఇక్కడ ఒక పెద్ద స్కూలు పెట్టాలని ఎవరూ పట్టుబట్టలేదు. ఇక మీ విషయం. నేర్చుకున్నోడు వెళ్లిపోతాడన్న భయానికి మందు అప్రెంటిస్‌షిప్. 1961 నాటి చట్టం. 30 మంది ఉన్న సంస్థ అప్రెంటిస్‌లని తీసుకుతీరాలి, నలుగురున్నా ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండులో పావు వంతు, నెలకి 1500 దాకా ప్రభుత్వం ఇస్తుంది.

ఐస్ ప్లాంట్ యజమాని: మా ఆడిటరు ఎప్పుడూ చెప్పలేదే. పోర్టల్లో ఎక్కించాలా?

రిటైర్డ్ ప్రిన్సిపాల్: ఎక్కించాలి.

ఐస్ ప్లాంట్ యజమాని: అయితే ఆ 1500 ఆడిటరుకే సరిపోద్దండి.

సెంటర్ నిర్వాహకురాలు: నేనొకటి అంటాను, తిట్టుకోకండి. రొయ్యల ఫ్యాక్టరీల్లో తలలు తీసేదంతా ఆడవాళ్లే. నాకు ఆడపిల్లల బ్యాచ్ ఇస్తే పైనుంచి అడిగేది కుట్టు మిషను, బ్యూటీషియన్. కంప్రెసర్ ఆపరేటర్ కోర్సుకి అమ్మాయిల్ని చేర్చుకుంటానని ఒకసారి రాశాను, డిమాండ్ లేదని తిరిగొచ్చింది. డిమాండ్ ఉందో లేదో ఈయన్ని అడిగారా?

ఐస్ ప్లాంట్ యజమాని: రాత్రి షిఫ్టండీ మరి...

వెల్డర్: వాళ్లు తలలు తీసేదీ రాత్రి షిఫ్టేనండి.

(కాసేపు ఎవరూ ఏమీ అనలేదు, ఆ తర్వాత మాస్టారే గట్టిగా నవ్వారు.)

యాంకర్: టైమయిపోతోంది. పీఎం సేతు డబ్బు మన జిల్లాలకొస్తే మొదటి రూపాయి ఎక్కడ పెట్టాలి? తలా ఒక మాట.

వెల్డర్: రాడ్లు, ఆర్గాన్. మెషీన్లు తర్వాత.

సెంటర్ నిర్వాహకురాలు: ఐస్ ప్లాంట్లూ వైండింగ్ షాపులూ అన్నీ కలిపి జిల్లాకో ఆఫీసు పెట్టి, పోర్టలు, స్లిప్పులు వాళ్ల తరఫున ఆ ఆఫీసే చూసుకోవాలి. ఒక క్లర్కు జీతం, అంతే.

రిటైర్డ్ ప్రిన్సిపాల్: గంధకం పుల్లాయనకి ఇన్‌స్ట్రక్టర్ జీతం ఇవ్వాలి. డిగ్రీ లేకపోతే రూలు మార్చాలి. ఆయన పోతే ఆ విద్య పోతుంది, ఎన్ని వేల కోట్లయినా తేలేవు. ఏమండీ, మీరు చెప్పండి, ఇద్దరు అప్రెంటిస్‌లని ఇస్తే తీసుకుంటారా?

ఐస్ ప్లాంట్ యజమాని: ఒకర్ని తీసుకుంటానండి. సంక్రాంతి అయ్యాక పంపండి. ఆ పోర్టలు పని మాత్రం మేడమ్ చూసుకోవాలి.

సెంటర్ నిర్వాహకురాలు: చూస్తాను, అమ్మాయిని పంపుతాను.

ఐస్ ప్లాంట్ యజమాని: ...సరే, ముందు మా ఇంట్లో అడగనివ్వండి.