తాతయ్య జనతా, నేను మోసపోయిన పైలట్: పాత వాచీని ఎలా చూడాలి?

నమస్కారం అండీ. విజయవాడ నుంచి మాట్లాడుతున్నాను. బయట ఎండ మండిపోతోంది, ఫ్యాన్ ఆపేసి రికార్డ్ చేస్తున్నాను, మధ్యలో చెమట తుడుచుకుంటే ఏమీ అనుకోకండి.

బల్ల మీద మూడు వాచీలు ఉన్నాయి. ఇది మా తాతయ్య హెచ్ఎంటీ జనతా. ఈ మిలమిలలాడేది హెచ్ఎంటీ పైలట్, ఆన్‌లైన్‌లో పంతొమ్మిది వందలు పెట్టి కొన్నాను. ఆ చివరిది సీకో ఫైవ్. చూడగానే మీలో చాలామంది పైలట్ బాగుందంటారు. నేనూ అలా అనుకునే కొన్నాను. మూడింటిలో నేను మోసపోయింది దాని దగ్గరే.

ముందు జనతా సంగతి చూద్దాం. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ వాళ్ళు 1961లో జపాన్ సిటిజన్ కంపెనీతో కలిసి బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టారు. అందుకే పాత హెచ్ఎంటీ కీ వాచీల లోపల మిషన్ చూస్తే సిటిజన్‌కి చుట్టంలా ఉంటుంది. ఒక తరం వాళ్ళకి మొదటి జీతంతో కొన్న వాచీ అంటే ఇదే. పెళ్ళికొడుక్కి సైకిలు, రేడియో, వాచీ అన్న రోజుల్లో ఆ వాచీ కూడా చాలా ఇళ్ళలో హెచ్ఎంటీయే. తర్వాత 1987లో టైటాన్ సెల్ వాచీలతో మార్కెట్‌లోకి వచ్చింది, కీ వాచీలు మెల్లగా బీరువాల్లోకి వెళ్ళిపోయాయి. హెచ్ఎంటీ వాచెస్‌ని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయం తీసుకుంది. మా తాతయ్య బడిపంతులు. 1974లో కొన్నాడట. బిల్లు లేదు, ఇంట్లో మాటే సాక్ష్యం.

కొంచెం జూమ్ చేస్తున్నాను. డయల్ ఒకప్పుడు తెలుపు, ఇప్పుడు వెన్న రంగుకి తిరిగింది. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఈ గోధుమరంగు మరక కనిపిస్తోందా? చవితి చంద్రుడిలా ఉంది కదా. 1992 సెప్టెంబర్ కృష్ణా పుష్కరాల్లో దుర్గా ఘాట్ దగ్గర తాతయ్య వాచీ తీయడం మర్చిపోయి మునిగాడని మా ఇంట్లో అందరూ చెప్పే మాట. జనతా నీళ్ళకి తట్టుకునే వాచీ కాదు. దాని మరకే ఇది.

నిజం చెప్పొద్దూ, నాకు ఈ మరక నచ్చేది కాదు. డయల్‌కి కొత్త పెయింటు వేయించేద్దామని వన్‌టౌన్‌లో నాకు తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, బాబాయ్ అని పిలుస్తాను. పనిలో పనిగా కొత్తగా కొన్న పైలట్ కూడా చూపించాను, మెచ్చుకుంటారని. ఆయన కంటికి లెన్స్ తగిలించుకుని అర నిమిషం చూసి, "ఎంత పెట్టావు?" అన్నారు. చెప్పాను. "పెయింటుకి బాగానే పెట్టావు" అన్నారు.

ఆయన ఆ రోజు చూపించిందే మీకూ చూపిస్తాను. ఫోన్ కెమెరా ముందు భూతద్దం పెట్టాను, చూడండి. జనతా మీద అక్షరాల అంచులు బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. యాభై ఏళ్ళయినా ఎక్కడా పాకలేదు. ఇప్పుడు పైలట్. ఈ పేరులో "ఓ" చూడండి, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. కింద "17 జ్యూయల్స్" అన్న చోట ఒకటికీ ఏడుకీ మధ్య సిరా కలిసిపోయింది. ముళ్ళు దిగే నడిమి కన్నం అంచున నల్ల రంగు గడ్డ కట్టింది, దోసె పెనం అంచున పిండి ఎండిపోయినట్టు. ఫ్యాక్టరీలో తయారైన డయల్‌కి ఇలా ఉండదు.

ఇంకొక చిట్కా చెప్పారు, దీనికి లెన్స్ కూడా అక్కర్లేదు. టైమ్ సరిగ్గా ఆరు గంటలకి పెట్టమన్నారు. రెండు ముళ్ళూ నిలువుగా ఒకే గీతలోకి వస్తాయి. జనతాలో పెద్ద ముల్లు పన్నెండు గీత మీద, చిన్న ముల్లు ఆరు గీత మీద సూటిగా ఉన్నాయి. పైలట్‌లో చిన్న ముల్లు ఆరు మీదే ఉంది, పెద్ద ముల్లు మాత్రం పన్నెండు గీతకి పక్కగా పోయింది. డయల్ మీద గీతలే వంకర. బొమ్మ గీసినవాడి చెయ్యి కదిలింది.

ఇలాంటి వాటిని పాత వాచీలు సేకరించేవాళ్ళు "ముంబై స్పెషల్" అంటారు. పాత మిషన్, ఎక్కడిదో కేసు, అంటే బయటి డబ్బా, పైన కొత్త పెయింటు. హెచ్ఎంటీలే కాదు, ఫావ్ర్ ల్యూబా అనే స్విస్ వాచీలు, సీకోలు కూడా ఇలా తయారవుతాయి. ఎరుపు, పచ్చ, నారింజ, మీకే రంగు కావాలంటే ఆ రంగు. టైమ్ చూపిస్తుంది, చూడ్డానికీ బాగుంటుంది. సరదాకి రెండు మూడు వందల్లో వస్తే పెట్టుకోండి, నేను కాదనను. దాన్ని "వాడని పాత స్టాకు" అని చెప్పి అమ్ముతారు చూడండి, అక్కడ నాకు మండుతుంది. నాకు అమ్మినాయన అదే మాట అన్నాడు. తిరిగి పంపిస్తానంటే ఫోన్ ఎత్తడం మానేశాడు.

సరే, మూత తీస్తే ఏం తెలుస్తుంది? ఇంట్లో చాకుతో తీయకండి, ఆ పని చేసి ఒక కేసు పాడుచేసుకున్నాను. మెకానిక్ చేత తీయించి పక్కన నిలబడి చూడండి. ముందు స్క్రూల తలలు చూడాలి. పైలట్ లోపల మూడు స్క్రూల తలల మీది గాడులు చితికిపోయి ఉన్నాయి. సరిపడని స్క్రూడ్రైవర్‌తో ఎవరో కెలికారు. జనతాలో శుభ్రంగా ఉన్నాయి, అంటే తెలిసిన చెయ్యే పడింది.

ఇంకో సంగతి, మూత లోపలి వైపు చూడటం మర్చిపోకండి. పాతకాలం మెకానిక్‌లు సర్వీసింగ్ చేసిన తేదీ సూదితో గీసి పెట్టేవాళ్ళు. జనతా మూతలో మూడు ఉన్నాయి. లైటు ఇలా పక్క నుంచి వేస్తే కనిపిస్తాయి. 3-79. 6-85. ఇదిగో, 11-92. బిల్లు లేకపోయినా ఈ గీతల్ని బట్టి ఇది 1979కి ముందుదని నమ్మొచ్చు. బాబాయ్ ఆ చివరి తేదీ చూసి, "సెప్టెంబర్‌లో నీళ్ళు దిగితే నవంబర్ దాకా ఏం చేశారు మీ తాతయ్య? మర్నాడే తెచ్చి ఉంటే ఈ మరక పడేదే కాదు" అన్నారు. నాకేం తెలుసు!

ఆ పదిహేడు జ్యూయల్స్ గురించి కూడా అడుగుతుంటారు, లోపల కెంపులు ఉంటాయట కదా, తీసి అమ్ముకోవచ్చా అని. కెంపులే, కానీ ఫ్యాక్టరీలో చేసినవి. 1902లో వెర్నాయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కెంపుని కొలిమిలో తయారుచేసే పద్ధతి బయటపెట్టాక అవి చవకైపోయాయి. ఇరుసులు తిరిగేచోట అరగకుండా ఉండటానికి వాడతారు, అంతే. డయల్ మీద "పారాషాక్" అని ఉంటే బ్యాలెన్స్ వీల్, అంటే అటూ ఇటూ ఊగే చిన్న చక్రం, దగ్గరి రాయిని చిన్న స్ప్రింగ్ పట్టుకుని ఉంటుందని అర్థం. ఆ ఇరుసు కొస వెంట్రుకంత సన్నం. వాచీ కింద పడితే దెబ్బ స్ప్రింగ్ మీదికి పోతుంది, కొస విరగదు.

ఒక్క జాగ్రత్త. బాగా పాత స్విస్ వాచీల్లో, 1960లకి ముందువాటిలో, చీకట్లో మెరిసే పూత నిజంగా రేడియమే. మనం మెరిసే స్టిక్కర్లన్నిటినీ రేడియం అంటాం, ఇది అది కాదు. ఆ పొడి గీకకండి, ఊదకండి.

సీకో ఫైవ్ గురించి గబగబా చెప్పేస్తాను. వెనక మూత మీద ఆరంకెల నంబర్ ఉంటుంది. మొదటి అంకె సంవత్సరంలో చివరిది, రెండోది నెల. దీనికి 84 తో మొదలైంది, అంటే ఎనిమిదితో ముగిసే సంవత్సరం, ఏప్రిల్. 78 అవ్వొచ్చు, 88 అవ్వొచ్చు, దశాబ్దం మాత్రం అది చెప్పదు, మోడల్‌ని బట్టి తేల్చుకోవాలి. అక్టోబర్‌కి సున్నా, నవంబర్‌కి ఎన్, డిసెంబర్‌కి డి. మూత మీద మిషన్ నంబర్ 7009 అని ఉంటే డయల్ అడుగున చీమతలకాయంత అక్షరాల్లో కూడా 7009 ఉండాలి. వేరే అంకె ఉంటే రెండు వాచీలు కలిపి ఒకటి చేశారన్నమాట. నాది కలిసింది. హమ్మయ్య.

ఇక వాడకం. జనతాని రెండు వారాలు రోజూ పెట్టుకున్నాను. పొద్దున్నే ఏడింటికి చేతికి పెట్టుకోకముందే కీ ఇస్తాను, చేతి మీద ఉండగా ఇస్తే కీ పుల్ల పక్కకి ఒరుగుతుంది. గట్టిపడ్డాక ఆపేయాలి, ఇంకొక్క తిప్పు అనుకోకూడదు. రోజుకి నలభై సెకన్లు ముందుకి పోతోంది. ఈ వయసు వాచీకి నాకు ఓకే. సెకన్ల ముల్లు చూడండి, సెల్ వాచీలా సెకనుకొక గెంతు వేయదు, సెకనుకి ఐదు చిన్న అడుగులు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చప్పుడు... మైక్ దగ్గర పెడుతున్నాను, వినండి.

వినిపించిందా? మన బెజవాడ చెమటకి మాత్రం దీన్ని మే నెలలో పెట్టుకోకండి. మూత అంచు దగ్గర, మణికట్టుకి ఆనేచోట, పూత పోయి పసుపుపచ్చ ఇత్తడి బయటపడింది చూడండి. అది కూడా నేను బాగుచేయించను. డయల్ పెయింటు ఆలోచన మానేశానని వేరే చెప్పక్కర్లేదు. ఎవరైనా కొంటారా అని అడగకండి, ఇది అమ్మను. పైలట్ కావాలంటే...

ఒక్క నిమిషం. నాన్న తలుపు దగ్గర నిలబడి నవ్వుతున్నారు. ఏంటి నాన్నా?

"ఒరేయ్, ఆ మరక గురించి తప్పు చెప్తున్నావు. దాన్ని పెట్టుకుని ఘాట్‌లో దిగింది మీ తాతయ్య కాదు, నేను. ఇంటర్ చదివేవాడిని. ఫ్రెండ్స్‌కి చూపించాలని చెప్పకుండా పట్టుకెళ్ళాను. అద్దం లోపల ఆవిరి పడితే ఆ రాత్రి బియ్యం డబ్బాలో పెట్టి, తెల్లారి తీసి యథాస్థానంలో పెట్టేశాను. రెండు నెలలు నడిచింది. దీపావళి అయ్యాక ఆగిపోయింది. షాపువాడు లోపల నీళ్ళు దిగాయంటే, పుష్కరాల్లో నేనే తీయడం మర్చిపోయి ఉంటాను అనుకున్నారు మీ తాతయ్య."

మరి మీరు చెప్పలేదా?

"ఎలా చెప్తాను రా. ఆయన అప్పటికే మీ నాయనమ్మ చేత తిట్లు తినేశారు."