పదమూడు మంది గవర్నర్లు, ఒక వాషింగ్టన్ మనిషి

అందరికీ నమస్కారం. గవర్నర్ అనగానే మనకు రాజ్‌భవన్, ప్రమాణస్వీకారాలు గుర్తొస్తాయి. అమెరికాలో గవర్నర్ అంటే జనం ఓటేసి గెలిపించిన మనిషి, మన ముఖ్యమంత్రి లాంటివాడు. ఈ రోజు చెప్పబోయేది అలాంటి గవర్నర్లు, కేంద్రం కలిసి నడిపే అప్పలాచియా ప్రాంతీయ కమిషన్ కథ. ఇది మనసులో పెట్టుకుని వినండి, లేకపోతే ఈ కథంతా తికమకే.

అమెరికా తూర్పు భాగంలోని అప్పలాచియా కొండల్లో బొగ్గు గనులకు యంత్రాలు వచ్చాక వేలమంది పనులు పోయాయి. 1960 నాటికి అక్కడ ముగ్గురిలో ఒకరు పేదరికంలో ఉన్నారు. ఆ ఏడాది మే నెలలో మేరీలాండ్ గవర్నర్ మిలార్డ్ టావ్స్ పొరుగు రాష్ట్రాల గవర్నర్లను తన రాజధాని అన్నాపొలిస్‌కు పిలిచి కూర్చోబెట్టారు. కొండకు సరిహద్దు తెలియదు కదా. ఒక రాష్ట్రం వేసిన రోడ్డు పక్క రాష్ట్రం గట్టు దగ్గర ఆగిపోతే ఎవరికి లాభం? 1963లో అధ్యక్షుడు కెన్నెడీ ఈ సమస్యను పరిశీలించడానికి ఒక కమిషన్ వేశారు. 1965 మార్చి 9న తర్వాతి అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో అప్పలాచియా ప్రాంతీయ అభివృద్ధి చట్టం వచ్చింది, దానితోనే అప్పలాచియా ప్రాంతీయ కమిషన్ ఏర్పడింది.

దాని నిర్మాణమే నాకు నచ్చిన విషయం. 13 రాష్ట్రాల గవర్నర్లు, వాళ్లకు తోడు అధ్యక్షుడు నియమించి సెనేట్ ఆమోదించిన ఒక సహాధ్యక్షుడు. గవర్నర్లు తమలో ఒకరిని ఏడాదికి రెండో సహాధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. మొత్తం 14 మంది. కానీ ఇక్కడ తలలు లెక్కపెట్టి నిర్ణయం తీసుకోరు. వాషింగ్టన్ మనిషి, అంటే అధ్యక్షుడు నియమించిన ఆ సహాధ్యక్షుడు, ఔననాలి, గవర్నర్లలో మెజారిటీ కూడా ఔననాలి. 13 మందీ ఒక్క మాట మీదున్నా ఆయన కాదంటే ఫైలు కదలదు. ఆయన ఎంత తహతహలాడినా గవర్నర్లు కలిసిరాకపోతే అంతే సంగతులు. ఆఫీసు ఖర్చు కూడా చెరిసగం! అక్కడ పనిచేసే సిబ్బందిని ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఉద్యోగులుగా లెక్కించరు. వాషింగ్టన్ సహాధ్యక్షుడి సొంత సిబ్బంది మాత్రమే ఫెడరల్ ఉద్యోగులు.

గవర్నర్ తన బదులు ప్రతినిధిని పంపవచ్చు. విధానపరమైన నిర్ణయాలకు మాత్రం గవర్నర్ల కోరమ్, అంటే కనీస హాజరు, తప్పనిసరి. ఏ ప్రాజెక్టైనా ఆ రాష్ట్ర గవర్నర్ ద్వారానే రావాలి. పై నుంచి ఎవరో వచ్చి మీ ఊళ్లో ఇది కడతామంటే కుదరదు.

డబ్బు పంచే పద్ధతి చూడండి. నిరుద్యోగం, తలసరి ఆదాయం, పేదరికం లెక్కలు చూసి ప్రతి ఏడాదీ కౌంటీలను, అంటే మన జిల్లాల్లాంటివాటిని, ఐదు తరగతులుగా విడగొడతారు. బాగా చితికిపోయిన కౌంటీలో ప్రాజెక్టు ఖర్చులో 80 శాతం దాకా కమిషన్ ఇవ్వగలదు. మధ్యరకం కౌంటీకి 50 శాతం, కాస్త నిలదొక్కుకున్నదానికి 30 శాతం. అన్నిటికన్నా బాగున్న కౌంటీకి మామూలుగా ఏమీ రాదు.

మరి మ్యాపు? అది కొండలు గీసింది కాదు, రాజకీయం గీసింది. మొదట 11 రాష్ట్రాలే ఉండేవి. న్యూయార్క్ సెనేటర్ రాబర్ట్ కెన్నెడీ పట్టుబట్టడంతో న్యూయార్క్ కౌంటీలు చేరాయి. 1967లో మిసిసిపీ చేరింది. ఇప్పుడు 423 కౌంటీలు.

మనకూ 1956 నుంచి దక్షిణ ప్రాంతీయ మండలి ఉంది. అధ్యక్షుడు కేంద్ర హోంమంత్రి, ముఖ్యమంత్రులు వంతులవారీగా ఏడాదికొకరు ఉపాధ్యక్షులు. అది సలహా మాత్రమే ఇస్తుంది. పంచడానికి దాని దగ్గర డబ్బు లేదు, కాదనడానికి ఓటూ లేదు. రెండింటినీ ఒకే గాటన కట్టకండి.

1981లో అధ్యక్షుడు రీగన్ అప్పలాచియా కమిషన్‌ను మూసేద్దామన్నారు. 2017లో ట్రంప్ బడ్జెట్ కూడా అదే అంది. రెండు పార్టీల గవర్నర్లకూ వాటా ఉన్న సంస్థను మూయాలంటే కాంగ్రెస్‌లో, అంటే అమెరికా పార్లమెంటులో, ఎవరికి చేతులొస్తాయి? రెండుసార్లూ నిధులు ఆగలేదు. 1965 చట్టంతో తలపెట్టిన రోడ్లు ఇప్పుడు 3,000 మైళ్లు దాటిన జాలం. వెస్ట్ వర్జీనియా కొండల్లో అందులో కొంత ముక్క ఇంకా వేస్తూనే ఉన్నారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.