నీటికి చర్మం ఉందా?

యాంకర్: నమస్కారం. గ్లాసులో నీళ్ల మీద సూదిని మెల్లగా పడుకోబెడితే తేలుతుంది. చిన్నప్పుడు చాలామందిమి చేసిందే. మాస్టారూ, క్లాసులో దీన్ని మీరెలా చెబుతారు?

భౌతికశాస్త్ర అధ్యాపకుడు: తలతన్యత అండీ. లోపలి అణువును చుట్టూ ఉన్నవి అన్ని వైపులా లాగుతాయి. పైనున్నదానికి పైన తోడు ఎవరూ లేరు. అందుకే పైభాగం సాగదీసిన రబ్బరు పొరలా ఉంటుందంటాను. 25 డిగ్రీల దగ్గర నీటికి మీటరుకు 72 మిల్లీన్యూటన్లు, ఇథైల్ ఆల్కహాల్‌కు 22 మాత్రమే.

రసాయన పరిశోధకురాలు: అంకెలు సరే సార్, ఆ రబ్బరుతోనే నా పేచీ. రబ్బరును లాగేకొద్దీ బిగుస్తుంది. నీటి పైభాగాన్ని ఎంత పెంచినా తన్యత అంతే, లోపలి నుంచి కొత్త అణువులు వచ్చి చోటు నింపుతాయి.

అధ్యాపకుడు: పదో తరగతి పిల్లలకు అంత చెబితే ఇక నా గతేంటమ్మా!

యాంకర్: (నవ్వుతూ) ఆ పొర మందం ఎంత మేడం?

పరిశోధకురాలు: అసలు తేడా అంతా ఒకటి రెండు అణువుల లోతులోనే. అందుకే చూడటం కష్టం. మామూలు కాంతి వేస్తే, కిందనున్న కోటానుకోట్ల అణువుల గోలలో పైవాటి మాట వినబడదు. 1993లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో భౌతిక శాస్త్రవేత్త వై.ఆర్. షెన్ బృందం ఒక పరారుణ లేజర్‌ను, కంటికి కనిపించే ఇంకో లేజర్‌ను నీటి మీద ఒకే చోట కలిపింది. రెండింటి ఫ్రీక్వెన్సీల మొత్తంతో కొత్త కాంతి పుడుతుంది. లోపలి అణువులు అన్ని దిక్కులకూ తిరిగి ఉంటాయి కాబట్టి వాటి వంతు ఒకదానికొకటి రద్దయిపోతుంది. పైన అలా కుదరదు, ఒక పక్క నీరు, ఒక పక్క గాలి. అక్కడి సంకేతమే మిగులుతుంది.

యాంకర్: ఏం కనబడింది?

పరిశోధకురాలు: పరారుణ లేజర్ ఫ్రీక్వెన్సీని మారుస్తూ పోతే, సెంటీమీటరుకు 3,700 తరంగాల దగ్గర సంకేతంలో ఒక సన్నని శిఖరం. అది ఏ పొరుగు అణువుతోనూ హైడ్రోజన్ బంధం, అంటే నీటి అణువులను పక్కపక్కన పట్టి ఉంచే లంకె, కట్టని ఓ-హెచ్ (అణువులోని ఆక్సిజన్-హైడ్రోజన్ జంట). పైవరుసలో సుమారు నాలుగో వంతు అణువులు ఒక హైడ్రోజన్‌ను గాల్లోకి చాపి, రెండోదాన్ని నీటివైపు ఉంచుతాయి.

అధ్యాపకుడు: ఇది బోర్డు మీద వేయొచ్చు! కానీ ఆగ్నెస్ పోకెల్స్ పేరు చెప్పకుండా ఉండలేను. జర్మనీలో, ఆడవాళ్లకు యూనివర్సిటీ చదువు అందని రోజుల్లో, ఇంటి వంటగదిలోనే రేకు తొట్టె పెట్టుకుని, జిడ్డు పడితే నీటి తన్యత ఎలా మారుతుందో కొలిచింది. బ్రిటన్ భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీకి ఉత్తరం రాస్తే, ఆయన చొరవతో అది 1891లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

పరిశోధకురాలు: ఆ జిడ్డే ఈనాటికీ మా తలనొప్పి. కాస్త మలినం చేరినా పైపొర లెక్క మారిపోతుంది.

యాంకర్: సన్నటి నీటి తుంపరల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ దానంతటదే పుడుతుందన్న వాదన సంగతి?

పరిశోధకురాలు: 2019లో స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జేర్ బృందం చెప్పింది. పైపొర దగ్గరి విద్యుత్ క్షేత్రమే కారణం కావచ్చన్నారు. సౌదీలోని కౌస్ట్ విశ్వవిద్యాలయంలో హిమాంశు మిశ్రా బృందం గాల్లోని ఓజోన్‌ను తీసేసి చూస్తే పెరాక్సైడ్ కనబడలేదు. అంటే అది ఓజోన్ వల్ల పుట్టిందేనన్నది వాళ్ల వాదన.

అధ్యాపకుడు: మీరు ఎటువైపు?

పరిశోధకురాలు: ఓజోన్ వైపే సార్. ముందు గాలిని శుభ్రం చేసి కొలవాలి.

అధ్యాపకుడు: నేనింకా తేల్చుకోలేదు. ఆ విద్యుత్ క్షేత్రం మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

యాంకర్: మీరిద్దరూ ఇక్కడే ఉండండి, కాలర్ లైన్‌లో ఉన్నారు. చిన్న బ్రేక్.