విక్టోరియా రాణి బాల్యం: ఒంటరిగా మెట్లు కూడా దిగనివ్వని పిల్ల

అందరికీ నమస్కారం. మన ఇళ్లలో దాచిపెట్టుకున్న పాత వెండి రూపాయిల మీద విక్టోరియా రాణి బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. 1840 నాటి రూపాయి మీదైతే తలపై కిరీటం ఉండదు. జుట్టు ముడి వేసుకున్న ఒక అమ్మాయి ముఖం, అంతే. ఈ వీడియోలో ఆ అమ్మాయి ఎలా పెరిగిందో చెప్పుకుందాం.

ఒక కాగితం, పెన్ను తీసుకోండి. వంశవృక్షం గీస్తేనే ఈ కథ అర్థమవుతుంది. పైన ‘మూడో జార్జి’ అని రాయండి. ఈయన బ్రిటన్ రాజు. ఆయనకు పిల్లలు చాలామందే గానీ, మనకు కావాల్సింది పెద్దవాళ్లు నలుగురు కొడుకులే. వరసగా రాయండి: జార్జి, ఫ్రెడరిక్, విలియం, ఎడ్వర్డ్. జార్జి కింద ఆయన ఒక్కగానొక్క కూతురు షార్లెట్.

1817లో షార్లెట్ కాన్పులో చనిపోయింది. ఆ పేరు కొట్టేయండి. ఇంతమంది కొడుకులుండీ ముసలి రాజుకు వారసత్వం దక్కే మనవడో మనవరాలో ఒక్కరూ మిగల్లేదు! అప్పుడు ఎడ్వర్డ్ 50 ఏళ్ల వయసులో, అప్పటికే ఇద్దరు పిల్లలున్న ఒక జర్మన్ వితంతువును పెళ్లి చేసుకున్నాడు. 1819 మే 24న లండన్‌లోని కెన్సింగ్టన్ ప్యాలెస్‌లో వాళ్లకు ఆడపిల్ల పుట్టింది. పేరు అలెగ్జాండ్రినా విక్టోరియా. ఇంట్లో డ్రీనా అని పిలిచేవాళ్లు.

పాపకు ఎనిమిది నెలలప్పుడు తండ్రి పోయాడు. ఆరు రోజులకే తాత కూడా. 1827లో ఫ్రెడరిక్, 1830లో అప్పటికి నాలుగో జార్జిగా రాజైన పెద్దకొడుకు జార్జి. కొట్టేస్తూ రండి. ఇక మిగిలింది విలియం. రాజయ్యేనాటికే ఆయనకు 64 ఏళ్లు, వారసులయ్యే పిల్లలు బతకలేదు. అంటే తర్వాతి వంతు 11 ఏళ్ల ఈ పిల్లదే.

వీడియో ఇక్కడ కాస్త ఆపి మీ కాగితం చూసుకోండి. ఈ పిల్లకు 18 నిండకముందే రాజు పోతే రాజ్యం ఎవరి చేతికొస్తుంది? చట్టం ప్రకారం తల్లికి. ఆ తల్లి వ్యవహారాలన్నీ చూసేది సర్ జాన్ కాన్‌రాయ్. పెత్తనం తన చేతిలోకి వస్తుందని అతని ఆశ.

అందుకే పిల్లను గుప్పిట్లో ఉంచుకోవడానికి ఆ కట్టుబాట్లు. ‘కెన్సింగ్టన్ పద్ధతి’ అంటారు. పిల్ల ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. పడక తల్లి గదిలోనే. మెట్లు దిగాలంటే ఎవరో ఒకరు చేయి పట్టుకోవాలి. 13 ఏళ్లకు డైరీ రాయడం మొదలుపెడితే అదీ తల్లి చదివేది. ప్రాణంలా చూసుకునే అక్క ఫియోడోరా 1828లోనే పెళ్లయి జర్మనీ వెళ్లిపోయింది. తోడుగా మిగిలింది ఇంట్లోనే ఉండి చదువు చెప్పే గవర్నెస్ లేజెన్, డాష్ అనే కుక్క, 132 చెక్క బొమ్మలు. ఆ బొమ్మలకు గవర్నెస్, పిల్ల కలిసి బట్టలు కుట్టేవాళ్లు. ఈ కథలో నాకు అన్నిటికంటే బాధేసేది ఆ బొమ్మల సంగతే.

తల్లిని మాత్రం నేను పూర్తిగా తప్పుపట్టలేను. పరాయి దేశం, సరిగ్గా రాని భాష, భర్త వదిలిపోయిన అప్పులు. కానీ 1835లో రామ్స్‌గేట్ అనే సముద్రతీర పట్టణంలో పిల్ల తీవ్ర జ్వరంతో మంచాన పడి ఉన్నప్పుడు, తనను ఆంతరంగిక కార్యదర్శిగా పెట్టుకుంటానని సంతకం చేయమని కాన్‌రాయ్ ఒత్తిడి చేశాడు. తల్లి కూడా అతని పక్షమే. 16 ఏళ్ల పిల్ల, ఒంట్లో ఓపిక లేదు. అయినా సంతకం పెట్టలేదు. లేజెన్ ఆమె వైపు నిలబడింది.

మరుసటి ఏడాది తన పుట్టినరోజు విందులో విలియం రాజు, బావామరదళ్ల వరస కూడా చూడకుండా, పక్కనే కూర్చున్న ఆమె తల్లిని అందరి ముందూ దులిపేశాడు. ఇంకో తొమ్మిది నెలలు బతికితే చాలు, ఆవిడ చేతికి అధికారం పోదు అన్నాడు. విక్టోరియా అక్కడే ఏడ్చేసింది.

ఆయన మాట నిలిచింది. 1837 మే 24న ఆమెకు 18 నిండాయి. జూన్ 20న రాజు పోయాడు. మధ్యలో 27 రోజులే! తెల్లవారుజామున ఆరింటికి తల్లి వచ్చి లేపింది. కబురు తెచ్చిన ఆర్చ్‌బిషప్‌ను ఆమె ఒక్కతే వెళ్లి కలిసింది. ఆ రోజు డైరీలో ‘ఒంటరిగా’ అన్న మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తన మంచాన్ని తల్లి గదిలోంచి తీయించేసింది. ఆ రాత్రి తన గదిలో తనొక్కతే పడుకుంది.